వేలెత్తితే గట్టిమేళం

ఇరవైమూడేళ్ళ వయసులో కొందరికి ఒక జబ్బు వస్తుంది. తనకు తెలిసింది ఊళ్ళో ఇంకెవరికీ తెలియదనీ, తెలియని వాళ్ళందరికీ పట్టుకుని నేర్పకపోతే తన జన్మ వృథా అనీ అనిపించే జబ్బు. చాలామందికి అది పెళ్ళితోనో, ఉద్యోగంతోనో, అప్పుడప్పుడు చెంపదెబ్బతోనో నయమవుతుంది. ఆ రోజుల్లో నాకు వచ్చింది మాత్రం బెంగళూరు నుంచి వచ్చిన రకం. దానికి మా హిందూపురంలో మందు లేదు. ఇప్పుడు తలచుకుంటే ఆ కుర్రవాణ్ణి పట్టుకుని నాలుగు తగిలించాలనిపిస్తుంది గానీ, వాడు నా చేతికి అందేంత దగ్గర్లో లేడు. వాడి వేలు మాత్రం ఇంకా నా చేతికే ఉంది. ఈ కథంతా ఆ వేలిదే.

మా నాయనకు హిందూపురంలో చింతపండు మండీ. లెక్కలు నేర్చుకుని వస్తాడని నన్ను బెంగళూరుకు బీకాం చదవడానికి పంపాడు. నేను అక్కడ ఒక గడ్డం సారు దగ్గర చేరాను. ఆయన సంగీత రచయిత, వాద్యబృందం ముందు నిలబడి కర్ర ఊపే కండక్టరు కూడా. (బస్సు కండక్టరు కాదని మా బంధువులకు చెప్పడానికి నాకు రెండేళ్ళు పట్టింది. కొందరు ఇప్పటికీ నమ్మలేదు.) ఆయన ప్రాణమంతా పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో సరికొత్త రకం మీద ఉండేది. సరికొత్త రకం అంటే వరస ఉండకూడదు, తాళం దొరకకూడదు, విన్నవాడు బయటికి పోతూ ఒక్క ముక్క కూడా కూనిరాగం తీయగలగకూడదు. తీశాడంటే ఆ రచన తప్పినట్టే. ఒక కచేరీలో పియానో మూత తెరవకుండానే దానిమీద పావుగంట గోళ్ళతో గీరారు. ఆ సంగతి నేను పరవశంగా చెబితే నాయన విని, "తాళంచెవి యాడ పెట్టినారో మరిచిపోయింటార్లే, పాపం" అన్నాడు. ఆయన అజ్ఞానానికి నేను జాలిపడ్డాను.

సారు కచేరీలకు పదిహేడు మంది వచ్చేవారు. ఒకసారి పందొమ్మిది మంది వస్తే ఆయన రాత్రి భోజనం మానేశారు. "ఇద్దరు పెరిగారంటే మనం ఎక్కడో రాజీ పడుతున్నాం" అన్నారు ఇంగ్లీషులో. ఆయన ఏది అన్నా ఇంగ్లీషులోనే అనేవారు, కళ్ళు మూసుకునే అనేవారు. "శబ్దం ఎవడైనా చేస్తాడు. నిశ్శబ్దం చేయించగలిగినవాడే కండక్టరు" అనేది ఆయన మంత్రం. ఆ నిశ్శబ్దం చేయించడానికి ఒక ముద్ర కూడా నేర్పారు. కుడిచేతి కర్ర కిందికి దించి, ఎడమచేతి చూపుడువేలు భుజం ఎత్తుకు లేపి, మోచేయి కొంచెం వంచి నిలబడాలి. హాస్టల్ గదిలో అద్దం ముందు నేను ఆ వేలెత్తడం ఎంత సాధన చేశానంటే, పక్క గదివాడు నాకు మాటిమాటికీ ఒంటేలు అర్జెంటనుకుని పాపం దారి వదిలేవాడు.

చదువు అయిందనిపించి ఊరికి వచ్చాక నేను ఒక మహా రచన చేశాను. పేరు 'కరువు'. అనంతపురం జిల్లావాణ్ణి కాబట్టి కరువు మీద నాకు సర్వహక్కులు ఉన్నాయనుకున్నాను. అందులో సన్నాయిలు ఒకదానికొకటి పొసగని స్వరాలు పట్టుకుని మూలుగుతూ ఉంటాయి, డోళ్ళు ఎండిన నేల పగిలినట్టు అక్కడక్కడ టప్ మంటాయి, సరిగ్గా నడిమధ్యలో ఒక నిమిషం పాటు ఎవరూ ఏమీ వాయించరు. ఆ నిమిషం, రాని వాన అన్నమాట. మా అవ్వకు ఇదంతా వివరించాను. అవ్వ పరిగి దగ్గర మెట్టపొలాల్లో వేరుశనక్కాయ వేసి, నిజంగానే రాని వానల కోసం ఆకాశం చూసిన మనిషి. అంతా విని, "కరువు మేం పడినాం గదరా. మళ్ళీ దాన్ని డోలు మీద వాయించి యేంటికి గుర్తు చేస్తావు?" అంది. అవ్వ మీద కూడా జాలిపడ్డాను. అప్పట్లో నా దగ్గర జాలి చింతపండు బస్తాలకంటే ఎక్కువ నిలవ ఉండేది.

గడ్డం సారుకు మాత్రం ఆ రచన నచ్చింది. ముఖ్యంగా ఏమీ వాయించని చోటు బాగా నచ్చింది. పెనుకొండ కోట ఫోటో చూసి, ఆ కొండ కిందనే, మా వైపు వాయిద్యాలతోనే చెయ్యమన్నారు. తానే వచ్చి వింటాననీ, ఆ నిమిషం నిశ్శబ్దం చెక్కుచెదరకుండా నిలబెడితే నన్ను తన బృందంలో సహాయ కండక్టరుగా తీసుకుంటాననీ అన్నారు. నాయన కూడా తన వంతు మాట చెప్పేశాడు. "సరేరా, ఆయప్ప పిలిస్తే పో. పిలవకపోతే నోరు మూసుకుని మండీలో గల్లాపెట్టె ముందర కూచో." అంటే నా బతుకంతా ఒక నిమిషం మీద ఆధారపడింది. ఆ నిమిషం నా చేతిలో కూడా లేదు, ధర్మవరం డోలు మామ చేతిలో ఉంది.

డోలు మామ మాకు చుట్టం కాదు. మా ఇంట్లో మూడు తరాల పెళ్ళిళ్ళకు వాయించిన సన్నాయి మేళానికి పెద్ద. అందుకని చిన్నప్పటినుంచీ మామా అనే పిలిచేవాణ్ణి. నల్లగా, పొట్టిగా, మెడలో తుండుగుడ్డతో, కుడిచేతి వేళ్ళకు తొడుగులు పెట్టుకుని కూర్చుంటే ఆ డోలుకు ఆయనా, ఆయనకు డోలూ మొలిచినట్టు ఉండేది. అప్పుడే మా అక్క పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకుది పెనుకొండ. మేళానికి తాంబూలం ఇచ్చి రమ్మని నాయన నన్ను ధర్మవరం పంపితే, పెళ్ళి తాంబూలంతో పాటు నా కచేరీ తాంబూలం కూడా ఆయన చేతిలో పెట్టేశాను. పెళ్ళి ముందు, దాని తరవాత మూడు వారాలకు కచేరీ. ఆయన రెండూ కళ్ళకద్దుకుని తీసుకున్నాడు. మా వైపు మేళగాడు తాంబూలం పట్టాడంటే ఇంక ప్రాణం మీదికి వచ్చినా వాయించి తీరాలి. ఆ సంగతి నాకు అప్పుడు పెద్ద విషయంగా తోచలేదు.

ప్రతి ఆదివారం హిందూపురంలో ప్యాసింజరెక్కి ధర్మవరం పోయేవాణ్ణి. మామ ఇల్లు మగ్గాల సందులో ఉంది. అటూ ఇటూ ప్రతి ఇంట్లో పట్టుచీరలు నేస్తూ పొద్దస్తమానం టకటకమని మగ్గాల చప్పుడు. నిశ్శబ్దం నేర్పడానికి నాకు ఇంతకంటే మంచి చోటు దొరకలేదు. ఆరుగురు వాద్యగాళ్ళను అరుగు మీద కూర్చోబెట్టి, సారు ఫోటోకు మనసులో దండం పెట్టుకుని, మొదటిరోజే నేరుగా నడిమధ్య నిశ్శబ్దానికి వచ్చాను. కర్ర దించి, వేలెత్తాను.

ఢండఢండఢండఢండమని అరుగు అదిరిపోయింది. సన్నాయిలు రెండూ ఆకాశానికి లేచాయి. ఎదురింట్లో మగ్గం ఆగింది. వీధిలో పోతున్న ఒక ముసలామె ఎవరిదో పెళ్ళి అయిపోతోందనుకుని చేతులు జోడించింది.

మీకు నేను చెప్పేదేముంది, పెళ్ళిలో తాళి కట్టే క్షణాన పురోహితుడు వేలెత్తి ఊపుతాడు. ఆ వేలు చూడగానే మేళగాళ్ళు చేస్తున్నది వదిలేసి ఉన్న బలమంతా పెట్టి గట్టిమేళం కొట్టాలి. ఆ క్షణంలో ఎవరి తుమ్మూ, ఎవరి ఏడుపూ, ఎవరి పాడుమాటా వధూవరుల చెవిన పడకూడదు. డోలు మామ నలభై ఏళ్ళుగా ఆ వేలు చూసి కొడుతున్నాడు, ఆయన నాయన అంతకుముందు కొట్టాడు. అలాంటి మనిషి ముందు నేను వేలెత్తి, నోరు మూసుకోమంటున్నాను.

"కాదు మామా, వేలెత్తితే ఆపల్ల" అన్నాను.

"వేలెత్తితే ఆపడమేందప్పా? కొట్టల్ల గదా."

"ఇది పెండ్లి కాదు మామా. ఇది కొత్త సంగీతం."

"కొత్తదైతే కానీ. వేలు పాతదే గదా" అన్నాడాయన. మిగతా ఐదుగురూ తలలూపారు. మళ్ళీ మొదలుపెట్టాం, మళ్ళీ వేలెత్తాను, మళ్ళీ ఢండఢండఢండ. ఆ ఆదివారం నేను ఆ అరుగు మీద పద్నాలుగు పెళ్ళిళ్ళు చేశాను.

చివరికి మామే ఒక ఉపాయం చెప్పాడు. "ఒక పని చేయప్పా. నువ్వు వేలెత్తొద్దు. ముక్కు గీరుకో. నువ్వు ముక్కు గీరుకుంటే మేమంతా గమ్మునుంటాం. ఎంతసేపు గమ్మునుండమంటే అంతసేపు ఉంటాం." ఎంత చక్కని మాట! బుద్ధున్నవాడెవడైనా ఆయనకు దండం పెట్టి ముక్కు గీరుకునేవాడు. నేను మాత్రం భగ్గుమన్నాను. బెంగళూరు నుంచి గడ్డం సారు వచ్చి ముందు వరసలో కూర్చుంటే, నేను పడిశం పట్టినవాడిలా ముక్కు గీరుకుంటూ నిలబడాలా? ఇది ఎంత గొప్ప ముద్రో, ఏ ఏ దేశాల్లో ఏ ఏ మహానుభావులు ఎత్తిన వేలో ఆయనకు ఉపన్యాసం ఇచ్చాను. ఆయన ఓపిగ్గా విని, వేళ్ళ తొడుగులు తీసి గుడ్డలో చుడుతూ, "సరేప్పా. నువ్వు మరిపిస్తే మేం మరుస్తాం. మల్లా కావాలంటే యాడ నుంచి తెస్తావో చూసుకో" అన్నాడు. నాకు ఆ మాట పల్లెటూరి మొండితనంగా వినిపించింది.

మరిపించాను. ఆరు ఆదివారాలు పట్టింది. అరిచాను, అలిగాను, ఒకసారి కర్ర విసిరేశాను. (అది పక్కింటి మగ్గం గుంతలో పడింది. తెచ్చిచ్చింది మామే.) ఐదో ఆదివారానికి వేలెత్తితే డోళ్ళు ఒకటి రెండు దెబ్బలు వేసి నాలిక కరచుకునే దాకా వచ్చాయి. ఆరో ఆదివారం వేలెత్తగానే ఆరుగురూ రాళ్ళయిపోయారు. సందులో మగ్గాల టకటక తప్ప ఇంకేమీ లేదు. ప్యాసింజర్లో తలుపు దగ్గర నిలబడి ఇంటికి వస్తూ ఉంటే రైలు గాలికి జుట్టు ఎగురుతూ ఉంది, నేను సాక్షాత్తూ మహానుభావుణ్ణి అనిపించింది. ఆ వచ్చే శుక్రవారమే అక్క పెళ్ళి.

పెళ్ళి హిందూపురంలోనే, కల్యాణమండపంలో. ఐదువందల మంది జనం. మా పురోహితుడికి ఆ వారం అది నాలుగో పెళ్ళి కావడంతో గొంతు పూర్తిగా పోయింది, మైకులో మంత్రం చదువుతుంటే రంపం కోసినట్టుంది. ముహూర్తం దగ్గర పడుతుండగా నన్ను పిలిచి, "అబ్బాయీ, నేను అరిస్తే మేళానికి వినపడదు. నువ్వు ఆ స్తంభం కాడ నిలబడు. నేను తలకాయ ఊపుతానే నువ్వు వాళ్ళకు వేలు చూపించు" అన్నాడు. నా ఛాతీ ఉబ్బింది. అయిదొందల మంది ముందు నా మొట్టమొదటి కండక్టింగు! ఉత్తరీయం సర్దుకుని స్తంభం దగ్గర నిలబడ్డాను. బావ తాళి చేతిలోకి తీసుకున్నాడు. పురోహితుడు తల ఊపాడు. నేను మేళం వైపు తిరిగి, ఎడమచేతి చూపుడువేలు, భుజం ఎత్తుకు, మోచేయి కొంచెం వంచి, లేపాను.

మేళం ఆగిపోయింది.

నా సిగ్గులేనితనం ఏ స్థాయిదో మీకు తెలియాలి కాబట్టి ఇది దాచను. మొదటి రెండు క్షణాలు నాకు ఒళ్ళు పులకరించింది. ఎంత శుభ్రమైన నిశ్శబ్దం! ఐదువందల మంది ఉన్న మండపంలో అక్క గాజుల చప్పుడు వినపడింది. సారు ఉంటే ఏడ్చేవారు. ఆ తరవాత నాకు తెలివి వచ్చింది. కానీ వేలు ఎందుకో దిగలేదు, మేళం కదలలేదు, బావ మొదటి ముడి వేసేశాడు. అప్పుడు వెనక వంటశాలలో పోపులో మిరపకాయలు మాడి, వంటమనిషి తుమ్మాడు.

ఒక్కటే తుమ్ము. అది మండపమంతా తిరిగి వచ్చింది. రెండో తుమ్ము వస్తే దోషం పోతుందని ఐదువందల మందీ ఊపిరి బిగబట్టి ఎదురుచూశారు. రాలేదు. మూడు ముళ్ళూ పడిపోతుండగా మా అవ్వ లేచింది. ఒళ్ళో ఉన్న అక్షింతల పళ్ళెం ఒంపేసి, కొబ్బరికాయ ఒకటి దొరకపుచ్చుకుని, ఆ పళ్ళేన్ని డమడమా వాయిస్తూ, "కొట్టండ్రా, తిక్కనాయాళ్ళారా! పిల్ల మెడలో తాళి పడతాంటే సచ్చినట్ల చూస్తారేందిరా!" అని అరిచింది. అప్పుడు డోలు మామ నిద్రలో లేచినవాడిలా అదిరిపడి కొట్టాడు. అప్పటికి ముళ్ళు పడి అర నిమిషం అయింది.

అక్క అత్తగారు పెద్ద మనిషి. అందరి ముందూ గొడవ చేయలేదు. "మా ఇండ్లల్లో ముడి పడేటప్పుడు మేళం వినపడుతుంది. ఈడ తుమ్ము వినపడె" అని మాత్రం అంది, పక్క వరసకు కూడా వినపడేలా. నాయన కోపంతో మేళం దగ్గరికి పోతే డోలు మామ చేతులు కట్టుకుని లేచి నిలబడ్డాడు. నేను మూడు బారల దూరంలో ఉన్నాను. ఇప్పుడు నా పేరు చెబుతాడని స్తంభం వెనక్కి జరిగాను. ఆయన నా వైపు చూడను కూడా చూడలేదు. "పొరపాటైపోయింది సామీ. వయసైపోయిందేమో, వేలు సరిగా అగపడలే" అన్నాడు. సంభావన ముట్టుకోకుండా డోలుకు గుడ్డ కట్టుకుని భోజనం కూడా చేయకుండా పోయాడు. మేళానికి నేర్పిన దానికంటే గొప్ప నిశ్శబ్దం నేను పాటించాను. ఎందుకంటే, నిజం చెబితే నాయన కచేరీ ఆపేస్తాడు. అంతకంటే గొప్ప కారణం ఏమీ లేదు.

తరవాతి ఆదివారం మంచి ముహూర్తాల రోజు. అయినా మామ ఇంట్లోనే ఉన్నాడు, అరుగు మీద ఖాళీగా.

"ఈ పొద్దు పెండ్లి లేదా మామా?"

"తాంబూలం వెనక్కి తీసుకున్నారప్పా. ఈ రెండు దినాల్లోనే మూడిండ్ల వాళ్ళు. గట్టిమేళం కొట్టడం రాని మేళం ఎవరికి కావల్ల?" అని, నేను చెప్పులు విప్పకుండా నిలబడిపోతే, "రా, కూచో. నీ కరువు వాయిద్దాం" అన్నాడు.

"నువ్వు రాకపోయినా ఎవరూ ఏమనరు మామా" అన్నాను, నాలో ఎక్కడో కొంచెం మనిషి మిగిలి ఉన్నాడేమో.

"తాంబూలం పట్టినాక రాకుండా ఎట్లుంటాను?"

అప్పుడైనా ఆయన కాళ్ళమీద పడ్డానని మీరు అనుకుంటే, మీరు నన్ను మరీ గౌరవిస్తున్నారు. కర్ర తీసి వేలెత్తాను. ఆరుగురూ చక్కగా ఆగారు.

ఈలోగా అక్క ఫోన్లు మొదలయ్యాయి. అత్తగారింట్లో పాలు విరిగితే గట్టిమేళం లేని పెళ్ళి కారణం, మిక్సీ చెడిపోతే అదే కారణం, బావకు జలుబు చేస్తే ఆ తుమ్మే ఈ తుమ్ము. "నవ్వేదానికి బాగుంటుంది లేరా నీకు. నేను ఈ ఇంట్లో తుమ్మాలంటే గూడా భయంగా ఉండాది" అని అక్క ఒకరోజు ఫోన్లో ఏడ్చింది. ఆ రాత్రి అన్నం సయించలేదని రాయాలని ఉంది గానీ, తిన్నాను. తక్కువ తిన్నాను, అంతే.

కచేరీ రోజు వచ్చింది. పెనుకొండలో కొండ కింద ఒక చిన్న కల్యాణమండపం, సాయంత్రం ఐదు గంటలకు. గడ్డం సారు కారులో దిగి, కోటను చూసి కళ్ళు మూసుకున్నారు. (కోట చూడ్డానికి వచ్చి కళ్ళు మూసుకున్న మొదటి మనిషి ఆయనే అయి ఉంటారు.) ముందు వరస మధ్యలో కూర్చున్నారు. ఆయనకు ఒక పక్క నాయన, అవ్వ. ఇంకో పక్క ఊళ్ళోనే కాబట్టి తప్పక వచ్చిన అక్క, బావ, అత్తగారు. అవ్వ కొంగు చివర అక్షింతలు ముడేసుకుని వచ్చింది, మనవడు మొదటిసారి నలుగురి ముందు నిలబడుతున్నాడని. మిగతా జనమంతా సన్నాయి మేళం అంటే ఏవో మంచి కీర్తనలుంటాయని వచ్చినవాళ్ళు. వాళ్ళ ముఖాలు మొదటి నిమిషంలోనే వాడిపోయాయట. సన్నాయిలు మూలిగాయి, డోళ్ళు టప్ మన్నాయి. ఒక పెద్దాయన పక్కవాడితో, "ఇంగా సుతి కలుపుకుంటాండారప్పా, ఉండు" అన్నాడు. అలా పది నిమిషాలు సుతి కలుపుకున్నాక నడిమధ్యకు వచ్చాం. కర్ర దించాను. వేలెత్తాను.

నిశ్శబ్దం దిగింది. నా వీపు వెనక సారు కుర్చీ ముందుకు జరిగింది. ఒకటి, రెండు, మూడు అని మనసులో లెక్కపెట్టుకుంటున్నాను. ఇరవై దాకా వచ్చాను. ఇంకో నలభై లెక్కపెడితే చింతపండు నుంచి విముక్తి. అప్పుడు వెనకనుంచి అత్తగారి గొంతు, గుసగుస అనుకుని చేసింది గానీ ఆ నిశ్శబ్దంలో మండపమంతా వినపడింది: "ఆ పొద్దు గూడా ఇట్లనే గదా, ఈ ముసలాయన సచ్చినట్ల గమ్మునుండె."

డోలు మామ తల వంచుకున్నాడు. చేతులు డోలు మీదనే ఉన్నాయి, కదల్లేదు. నేను నేర్పినట్టే ఉన్నాయి. ఆయన వంచిన తల మీద నెరిసిన జుట్టు, తొడుగులున్న ఆ వేళ్ళు చూస్తూ ఇరవైఒకటి అనుకున్నాను, ఇరవైరెండు అనుకున్నాను, ఇరవైమూడు నావల్ల కాలేదు. కండక్టరు జనానికి వీపు చూపాలి తప్ప ముఖం చూపకూడదు. నేను వెనక్కి తిరిగాను.

"అత్తా" అన్నాను. "ఆ పొద్దు తప్పు మామది కాదు. నాది. వేలెత్తితే కొట్టాకండి అని ఆరు వారాలు కూచోబెట్టి నేర్పింది నేను. పెండ్లిలో వేలెత్తింది నేను. ఆయప్ప నా పేరు చెప్పకుండా తన మీద వేసుకున్నాడు. నేను చూస్తా గమ్మునుంటి."

నాయన లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. సారు ఒక కన్ను తెరిచారు. నేను మేళం వైపు తిరిగి వేలెత్తాను. ఏమీ లేదు. ఆరుగురూ నన్నే చూస్తున్నారు. నా శిక్షణ అంత గట్టిది మరి! "కొట్టల్నా, గమ్మునుండల్నా అప్పా? సరిగా చెప్పు" అన్నాడు మామ నెమ్మదిగా. నేను కర్ర కింద పారేసి, ఆ పురోహితుడికి లేని గొంతంతా నేనే తెచ్చుకుని, "గట్టిమేళం! గట్టిమేళం!" అని అరిచాను.

అప్పుడు కొట్టాడయ్యా డోలు మామ! మూడు వారాలుగా లోపల దాచుకున్నదంతా ఆ రెండు చేతుల్లోకి వచ్చింది. సన్నాయిలు పైకప్పును ఎత్తాయి. బయట రోడ్డు మీద పోయే గోరంట్ల బస్సు డ్రైవరు ఆపి చూశాడు. జనమంతా అలవాటు కొద్దీ లేచి నిలబడ్డారు. అవ్వ కొంగు ముడి విప్పి అక్షింతలు అక్క మీదా బావ మీదా చల్లింది, కొన్ని సారు గడ్డంలో పడ్డాయి. అత్తగారు కొడుకునూ కోడలినీ భుజాలు పట్టి పక్కపక్కన నిలబెట్టి, తల నిమిరి, "ఊ, ఇప్పుడు పడె మూడు ముళ్ళు" అంది. అక్క నన్ను చూస్తూ ఏడుస్తూ నవ్వుతూ, ఎంతసేపటినుంచి ఆపుకుందో ఏమో, గట్టిగా తుమ్మింది. ఎవరికీ వినపడలేదు. నాకు మాత్రం కనపడింది.

గడ్డం సారు గడ్డంలోంచి బియ్యం గింజలు ఏరుకుని, సంచీ భుజాన వేసుకుని, నా దగ్గరికి వచ్చి ఒకే ఒక్క ముక్క అన్నారు. "పెళ్ళి." అది కూడా ఇంగ్లీషులోనే. కారెక్కి పోయారు. ఆయన కారు మలుపు తిరిగేసరికి అత్తగారు తన రెండో కొడుకు పెళ్ళికి డోలు మామ చేతిలో తాంబూలం పెడుతోంది. ఆయన కళ్ళకద్దుకున్నాడు. ఇంటికి పోతూ అవ్వ, "కరువు కరువంటివి, కడాకు బాగానే పండె గదరా" అంది.

తరవాత రెండేళ్ళు చింతపండు మండీలో కూర్చున్నాను. (చింతపండులో కూడా నిశ్శబ్దం ఉంటుంది, వ్యాపారం లేనప్పుడు.) జబ్బు పూర్తిగా నయం కాలేదు. మళ్ళీ బెంగళూరు చేరాను, వేరే వాళ్ళ దగ్గర మళ్ళీ మొదటినుంచి నేర్చుకున్నాను. ఈ రోజు నాకూ తొమ్మిది మంది బృందం ఉంది, ఎవరూ కూనిరాగం తీయలేని రచనలు నావీ ఒక పాతిక ఉన్నాయి. మా కచేరీలకు ఇరవైమంది దాకా వస్తారు. అందులో ఎనిమిది మంది వాద్యగాళ్ళ ఇంటివాళ్ళు, ఇద్దరు ఏసీ కోసం వచ్చేవాళ్ళు. నేను వేలెత్తితే చదువుకున్న తొమ్మిది మందీ బుద్ధిగా ఆగుతారు. ప్రతిసారీ ఆ నిశ్శబ్దం దిగగానే, ఎవరో ఒకరు పొరపాటున ఢండఢండమని కొడతారేమోనని నా చెవి కాచుకుని ఉంటుంది. ఇన్నేళ్ళలో ఒక్కరూ కొట్టలేదు.

పోయిన సంవత్సరం ధర్మవరంలో అక్క కూతురి పెళ్ళి. మేళం ఇప్పుడు మామ కొడుకుది. అయినా అక్క కూతురి పెళ్ళి కదా అని మామ తానే డోలు పట్టుకుని కూర్చున్నాడు, చూపు తగ్గింది, ఒళ్ళు వంగింది. ముహూర్తం వచ్చింది. పురోహితుడు చెయ్యి పైకి తీస్తున్నాడు. జనంలో ఉన్న నన్ను ఆ ముసలాయన ఎలా కనిపెట్టాడో, నా వైపు సూటిగా చూసి, తొడుగున్న వేలితో నింపాదిగా ముక్కు గీరుకున్నాడు.

అక్షింతలు గుప్పిట్లోనే ఉండిపోయాయి. "వద్దు మామా" అని అరవబోయాను కూడా. నా నోరు తెరుచుకునే లోపల గట్టిమేళం మోగింది. ఆ మోతలో ఆయన నవ్వు వినపడలేదు గానీ భుజాలు ఊగుతున్నాయి, డోలు కోసం ఊగేదానికంటే రొంత ఎక్కువగానే. నేను కూడా అక్కడ నిలబడి, చేతిలో అక్షింతలు చల్లడం మరచిపోయి, ముక్కు గీరుకున్నాను.